శిథిల భవనం నోటీసు వచ్చిన పాత ఇల్లు: అమ్మేయాలా, బాగు చేయించాలా?

మీరు రాసింది క్లుప్తంగా మళ్లీ చెప్తాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూడండి. సికింద్రాబాద్ మోండా మార్కెట్ వెనక సందులో 180 గజాల ఇల్లు. ముందు భాగం నాన్నగారు 1971లో కొన్ననాటికే ఉన్నది: రాతి గోడలు, ఇనుప గడ్డర్ల మీద షాబాద్ బండల కప్పు. వెనక భాగం, దాని పైన రెండు గదులు ఆయన 1986లో వేయించిన స్లాబు. నాన్నగారు వీలునామా రాయకుండా పోయారు. అమ్మగారు, మీరు, తమ్ముడు, అమెరికాలో చెల్లెలు ఉన్నారు. పోయిన వారం కార్పొరేషన్ వాళ్లు గోడకు నోటీసు అంటించి వెళ్లారు. బ్రోకర్ గజం లక్ష అంటున్నాడు, వానలు ముదిరితే ఆ రేటు కూడా రాదంటున్నాడు. మేస్త్రీ ఆరు లక్షలిస్తే మొత్తం కొత్త ఇల్లులా చేసిస్తానంటున్నాడు. అమ్మగారు మాత్రం కదలనంటున్నారు.

నేను ఇరవై ఏళ్లకు పైగా పాత కట్టడాల మరమ్మతులు చూస్తున్న స్ట్రక్చరల్ ఇంజినీర్ని. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీరు రెండు ప్రశ్నల్ని ఒకటిగా కలిపేశారు. ఇంట్లో ఉండొచ్చా లేదా అన్నది ఈ వారం తేలాలి. అమ్మాలా వద్దా అన్నది ఆరు నెలలు ఆగినా ఏమీ కాదు. ఈ రెండూ ఒకే రోజు తేల్చుకోవాలి అనే భయం మీద బ్రతికేవాడే మీ బ్రోకర్.

మొదటిది: ఖాళీ చేయండి. దీంట్లో నేను మొహమాటపడను. 2013 జులైలో మీ సికింద్రాబాద్‌లోనే సిటీ లైట్ హోటల్ ఉన్న పాత భవనం పొద్దున్నే కూలి పదిమందికి పైగా పోయారు. పాత ఇళ్లు చాలామటుకు వానల్లోనే పడతాయి. ఎండలకు బీటలు ఇచ్చిన గోడ నీళ్లు పీల్చుకుని బరువెక్కుతుంది, లోపలి అడుసు మెత్తబడుతుంది. వాన పడుతున్నప్పుడు నిలబడి, వెలిసి ఎండ కాసిన రెండో రోజున కూలిన గోడలు నేను చూశాను. కాబట్టి "నిన్నటి వానకు ఏం కాలేదు కదా" అన్న ధైర్యం పనికిరాదు.

ఇక నోటీసు సంగతి. అది చూసి "ఇల్లు కూల్చేయమన్నారు" అని రాశారు. కాగితం మళ్లీ తీసి చదవండి. 1955 నాటి హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ చట్టం 456వ సెక్షన్ కింద ఇచ్చిన నోటీసు అయితే, పడిపోయే స్థితిలో ఉన్న కట్టడాన్ని తీసేయమనో, భద్రపరచమనో, మరమ్మతు చేయమనో యజమానిని అడిగే అధికారం కమిషనర్‌కు ఉంది. అంటే మరమ్మతు అన్న దారి చట్టంలోనే ఉంది. మీరు చేయాల్సింది ఒక్కటే, మౌనంగా ఉండకపోవడం. ఖాళీ చేశామని, ఫలానా ఇంజినీర్‌తో పరీక్షలు చేయిస్తున్నామని, రిపోర్టుకు ఇన్ని రోజులు గడువు కావాలని టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో లెటర్ ఇచ్చి, రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోండి. జవాబు లేకపోతే వాళ్లే సీలు వేసి కూల్చి, ఖర్చు మీ దగ్గరే వసూలు చేస్తారు.

ఇప్పుడు ఇల్లు. మీరు పంపిన ఫొటోలు చూస్తే మీరు భయపడుతున్న భాగం ఒకటి, నేను భయపడుతున్న భాగం ఇంకొకటి. మీరేమో రాతి గోడల గురించి రాశారు, "వందేళ్లవి అయ్యుంటాయి" అని. నాకు వెనకున్న 1986 స్లాబే నచ్చలేదు. బాత్రూం కింద పెచ్చులూడి కడ్డీలు బయటపడ్డాయి. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కంటే రెట్లకు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికే కాంక్రీటు పగిలి పెచ్చుగా రాలుతుంది. ఆ రోజుల్లో స్లాబుకు కడ్డీల కింద పదిహేను మిల్లీమీటర్ల కవరింగ్ ఉంటే చాలని కోడ్‌లోనే ఉండేది. చేత్తో కలిపిన మాలు, నీళ్లు ఎక్కువ పోసి పారించిన కాంక్రీటు అయితే ఆ పదిహేను కూడా ఉండదు. పైన బాత్రూం లీకు తోడైతే ముప్పై ఏళ్లకే అయిపోతుంది. మీది నలభైకి దగ్గర పడింది.

రాతి గోడకు ఇంట్లోనే ఒక పరీక్ష ఉంది. స్క్రూడ్రైవర్ తీసుకుని, రాళ్ల మధ్య అతుకులో, గిలాబు ఊడిన చోట గుచ్చండి. డంగు సున్నం అయితే మొన ఆగిపోతుంది, గీత మాత్రం పడుతుంది. మట్టి అడుసు అయితే పిండిలా రాలుతుంది, రెండంగుళాలు లోపలికి దిగిపోతుంది. పాత హైదరాబాద్ ఇళ్లలో పైకి సున్నం పూసి, లోపల మట్టితో కట్టిన గోడలు చాలా ఉన్నాయి. మీ గోడ సున్నంతో కట్టినదైతే, బయటికి ఉబ్బకుండా నిటారుగా ఉంటే, ఆ ముందు భాగం ఇంకా చాలా ఏళ్లు నిలబడుతుంది. గడ్డర్లు గోడలోకి దిగే చోట తుప్పు పొరలు పొరలుగా లేస్తోందేమో చూడండి. గడ్డరు మధ్యలో బాగానే కనిపిస్తుంది, ఎప్పుడూ చెడేది చివర్లే, గోడ చెమ్మ తగిలే చోట.

గోడ పగులుకు ఇంకో చిన్న పని. రెండు చివర్లా పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేయండి. పగులు మీద అడ్డంగా సన్నటి గాజు ముక్కను ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించండి. గాజు పగిలితే గోడ ఇంకా కదులుతోందని అర్థం. పగలకపోతే అది పాత గాయం, మానిపోయింది. నెల రోజులు చూడాలి. ఇదంతా పగటిపూట, ఒక్కరే లోపలికి వెళ్లకుండా చేయండి.

స్లాబుకు మాత్రం ఇంటి పరీక్షలు చాలవు. కార్పొరేషన్ లైసెన్సు ఉన్న స్ట్రక్చరల్ ఇంజినీర్‌ను పెట్టుకుని, గుర్తింపు ఉన్న ల్యాబ్‌తో చేయించండి. ఏమి అడగాలో చెప్తాను, లేకపోతే ఒక్క సుత్తి పరీక్ష చేసి స్టేబిలిటీ సర్టిఫికెట్ చేతిలో పెట్టేవాళ్లున్నారు. రీబౌండ్ హ్యామర్ అనే ఆ స్ప్రింగు సుత్తి కాంక్రీటు పైపొర గట్టిదనాన్నే చెబుతుంది. పాత కాంక్రీటు గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని పైపొర గట్టిపడుతుంది, అందుకే చచ్చిపోయిన స్లాబుకు కూడా మంచి మార్కులు వస్తాయి. దాంతో పాటు కాంక్రీటులోంచి ధ్వని తరంగం పంపి వేగం కొలిచే అల్ట్రాసోనిక్ పరీక్ష కావాలి. సెకనుకు మూడు కిలోమీటర్ల లోపు వేగం వస్తే ఆ కాంక్రీటు అనుమానించాల్సిందే, మూడున్నర దాటితే ఫర్వాలేదు. కోర్లు, అంటే కాంక్రీటులోంచి గుండ్రంగా కోసిన ముక్కలు, తీయించి పరీక్ష చేయించండి, కనీసం మూడు. ఒక చోట చిన్న ముక్క చెక్కి ఫినాఫ్తలీన్ చుక్కలు వేయమనండి. కాంక్రీటు బతికి ఉంటే అక్కడికక్కడ గులాబీ రంగుకు తిరుగుతుంది. రంగు రాకపోతే ఆ లోతు వరకు కడ్డీకి రక్షణ పోయినట్టే. ఆ రంగు మారడం మీ కళ్లతో మీరు చూడండి, మీ తమ్ముడిని కూడా పిలవండి. ఇంటి గురించి అన్నదమ్ములు వాదించుకునేటప్పుడు అందరూ చూసిన సాక్ష్యం ఒకటి ఉండాలి.

మేస్త్రీ ఆరు లక్షల లెక్క సంగతి. ఆయన మోసం చేస్తున్నాడని అనను, ఆయన చేసేది రంగులు, గిలాబు పని. పెచ్చు ఊడిన చోట కడ్డీకి వైరు బ్రష్ తోమి, కెమికల్ పూసి, సిమెంటు మెత్తుతాడు. కడ్డీ వెనకవైపు తుప్పు అలాగే ఉంటుంది, రెండు వానాకాలాల్లో అదే చోట మళ్లీ పెచ్చు లేస్తుంది. అసలు మరమ్మతు అంటే కింద జాకీలు పెట్టి బరువు ఎత్తి పట్టుకోవాలి, కడ్డీ వెనకకు వేలు దూరేంత చెక్కాలి, సన్నబడ్డ కడ్డీల పక్కన కొత్తవి కట్టాలి, ఆ తర్వాత సన్న కంకరతో చేసే మైక్రో కాంక్రీట్ పోయాలి. అది ఆరు లక్షల పని కాదు. ఇంకో మాట, సున్నంతో కట్టిన రాతి గోడ మీద సిమెంటు గిలాబు వేయనివ్వకండి. లోపలి చెమ్మ బయటికి పోలేక గోడను తినేస్తుంది. సున్నపు గోడకు సున్నపు గిలాబే.

ఇక డబ్బు మాట. ముందు స్థలం ఎవరిదో తేల్చుకోండి. నాన్నగారి స్వార్జితం, వీలునామా లేదు, హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మగారికి, మీ ముగ్గురికి సమాన వాటాలు, తలా పావు. "చెల్లెలికి పెళ్లప్పుడు ఇచ్చేశాం కదా" అని మీ ప్రశ్నలో ఒక ముక్క రాశారు. అది ఇంట్లో మాట్లాడుకునే మాట, రిజిస్ట్రార్ ముందు చెల్లదు. స్వార్జితంలో కూతురి వాటా 1956 నుంచీ ఉంది. పిత్రార్జితంలో కూడా తెలుగునేలలో ఎన్టీఆర్ ప్రభుత్వం 1985 సెప్టెంబరు నుంచి, అప్పటికి పెళ్లి కాని కూతుళ్లకు ఇచ్చింది. 2005లో దేశమంతటా కూతుళ్లందరికీ వచ్చింది. ఆవిడ వదులుకుంటే రిజిస్టర్ అయిన రిలీజ్ డీడ్ కావాలి. వదులుకోకపోతే సంతకం కావాలి. అక్కడి నుంచి పవర్ ఆఫ్ అటార్నీ పంపిస్తే, అది ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఇది మర్చిపోయి మళ్లీ మొదటి నుంచి చేసుకున్నవాళ్లు నాకు తెలుసు.

ఈ కాగితాలు తేలకుండా బయానా తీసుకోకండి. ఎందుకంటే గడువులోపు రిజిస్ట్రేషన్ చేయలేకపోతే అవతలివాడు కోర్టుకెళ్తాడు, ఇల్లు ఇటు అమ్ముడుపోక అటు బాగుపడక అలాగే కూలుతుంది.

తర్వాత రోడ్డు. దీన్ని మీరు అసలు లెక్కలోకే తీసుకోలేదు. మీ సందు పదిహేను అడుగులు అన్నారు. ఇప్పుడున్న ముందు గోడ సందు మీదే ఉంది. కూల్చి కొత్తగా పర్మిషన్‌కు వెళ్తే రోడ్డు వెడల్పు కోసం ముందు కొంత వదలాలి, ఆపైన సెట్‌బ్యాకులు, అంటే కట్టకుండా ఖాళీగా ఉంచే జాగా, వదలాలి. మీ స్థలం ముఖం ముప్పై అడుగులు. మాటవరసకు ఎనిమిది అడుగులు రోడ్డుకు పోతే 240 చదరపు అడుగులు, అంటే దాదాపు 27 గజాలు. మీరు 180 గజాలు అమ్ముతున్నామనుకుంటారు, కొనేవాడు 153 గజాలకు లెక్క కట్టుకుని, గజం లక్ష అని నోటితో చెబుతాడు. అచ్చంగా ఎంత పోతుందో టౌన్ ప్లానింగ్ వాళ్లు మాస్టర్ ప్లాన్ చూసి చెబుతారు, రాతపూర్వకంగా తీసుకోండి. ఉన్న గోడల్ని ఉంచి బాగు చేసుకుంటే ఆ ముందు గది ఈరోజుకు మీదే. పాత ఇంటికి ఉన్న విలువల్లో ఇది పెద్దది, ఎవరూ చెప్పరు.

అమ్మితే వచ్చే లాభం మీద పన్ను కూడా చూద్దాం. కోటీ ఎనభై లక్షలకు అమ్మారనుకోండి. 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా తీసుకోవచ్చు, ఆ రోజు రిజిస్ట్రేషన్ విలువకు మించకుండా. ఉదాహరణకు 18 లక్షలు అనుకుందాం. మిగిలిన 162 లక్షల లాభం మీద 12.5 శాతం లెక్కలో మొత్తం 20 లక్షల పాతిక వేలు. పాత పద్ధతిలో, ధరల పెరుగుదలకు ఇచ్చే 2025-26 సూచీ 376 (2001 నాటిది 100) వేసి కొన్న ధరను పెంచి, మిగిలిన లాభం మీద 20 శాతం కడితే ఇరవై రెండున్నర లక్షల దగ్గర. ఇక్కడ మొదటిదే మేలు, కానీ 2001 విలువ ఎక్కువ ఉంటే తారుమారు అవుతుంది, ఆడిటర్‌తో రెండూ వేయించండి. సెస్సు వేరే. ఇది నలుగురి మీద పంచబడుతుంది, ఎవరి వాటా పన్ను వాళ్లదే. ఆరు నెలల్లో, ఇందుకోసం కేంద్రం గుర్తించిన ప్రభుత్వ రంగ సంస్థల బాండ్లలో పెడితే ఒక్కొక్కరికి 50 లక్షల దాకా మినహాయింపు ఉంది, మీ వాటాలు ఆ లోపే. చెల్లెలు ఎన్నారై కాబట్టి ఆవిడకు పాత పద్ధతి ఎంచుకునే వీలు లేదు, పైగా ఆవిడ వాటాలో కొనేవాడు 1 శాతం కాదు, చాలా ఎక్కువ టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే కోసుకునే పన్ను) పట్టుకోవాలి. తక్కువ పట్టుకునేలా ఆదాయపు పన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ ముందే తెచ్చుకోమనండి.

ఇంత చెప్పాను కాబట్టి నా సొంత కథ ఒకటి చెప్పాలి. మా తండ్రిగారి ఇల్లు తెనాలిలో, ఇలాంటిదే, వెనకవైపు స్లాబు దిగిపోయింది. ఊళ్లవాళ్లకు సలహాలు చెప్పే ఇంజినీర్‌ని, మా ఇంటికి ఒక్క పరీక్ష చేయించలేదు. అన్నయ్యకు టెన్షన్, నాకు సెలవులు లేవు. ఆగస్టులో, వాన పడుతుండగా, వరండాలో కూర్చుని అగ్రిమెంటు మీద సంతకాలు పెట్టాం. కొన్నాయన కూల్చి కడతానన్నాడు. ఏడాది తర్వాత అటు వెళ్తే వెనక భాగం తీసేసి, ముందు భాగానికి కప్పు మార్చి, గోడలకు సున్నం కొట్టించి, టిఫిన్ హోటల్‌కు అద్దెకిచ్చాడు. మా నాన్న పడక్కుర్చీ వేసుకునే చోట ఇడ్లీ పాత్ర ఉంది. కాఫీ తాగి డబ్బులిచ్చి వచ్చాను. తప్పు ఆయనది కాదు. ఇల్లు ఏమిటో ఆయన చూసుకున్నాడు, మేం చూసుకోలేదు.

అందుకే మీకు చెప్పేది మూడో దారి. ఫొటోలను బట్టి నా అంచనా, పరీక్షలు వేరేగా చెబితే మార్చుకుంటాను: వెనక భాగం బతకదు, ముందు భాగం బతుకుతుంది. వెనక భాగాన్ని పద్ధతిగా తీసేయండి. పైనుంచి కిందికి, పక్కింటితో ఉమ్మడి గోడ ఉందేమో చూసి, వాళ్లకు ముందే చెప్పి. జేసీబీ పెట్టి తోసేస్తే ముందు రాతి గోడ కూడా అదిరిపోతుంది. తీసే ముందు ఇంటి కొలతలు, ఫొటోలు, పాత పన్ను రసీదులు భద్రం చేయండి, ఎంత మేర కట్టడం ఉండేదో రేపు రుజువు చేయాల్సి వస్తుంది. పాత టేకు తలుపులు, ద్వారబంధాలు, ఇనుము బేరం మీ చేతిలో ఉంచుకోండి. కూల్చే కాంట్రాక్టర్లు ఖర్చు మీ మీద వేసి, అవి ఉచితంగా ఎత్తుకుపోతారు. ముందు భాగానికి గడ్డరు చివర్లు, అతుకులు, కప్పు మీద నీరు నిలవకుండా చేయించి, ఇంజినీర్ రిపోర్టు పెట్టి నోటీసు మూయించండి. ఆ తర్వాత తీరికగా అమ్మండి. నోటీసు లేని, వాటాల తగాదా లేని స్థలానికి గజానికి పదివేలు ఎక్కువ వచ్చినా 180 గజాలకు 18 లక్షలు.

ఈ దారి నడవని సందర్భాలు ఉన్నాయి. స్క్రూడ్రైవర్ మట్టిలోకి దిగి, గోడ బొజ్జ పెట్టి ఉంటే ముందు భాగం మీద రూపాయి పెట్టకండి, ఖాళీ స్థలంగా అమ్మేయండి. రోడ్డు వెడల్పులో ముందు గది ఎలాగూ పోయేదైనా అంతే. మీ నలుగురిలో ఒక్కరికైనా ఈ ఏడాదే డబ్బు తప్పనిసరి అయితే ఆగమని చెప్పను. మొత్తం కూల్చి కొత్తగా కట్టుకోవాలన్న ఆలోచన మాత్రం, అమ్మగారి తర్వాత ఆ ఇంట్లో ఉండేది ఎవరో మీ ముగ్గురిలో ఒకరు పేరు చెప్పగలిగితేనే చేయండి. "నాన్న గుర్తుగా" కట్టి, తాళం వేసి పెట్టిన కొత్త ఇళ్లు నేను చాలా చూశాను.

ఇవాళ సాయంత్రం చేయాల్సినవి మూడు. వెనక స్లాబు మీద నల్ల ట్యాంకు కనిపిస్తోంది, వెయ్యి లీటర్లది అనుకుంటా. నిండితే టన్ను బరువు. దాన్ని ఖాళీ చేయించండి. పిట్టగోడలో రావి మొక్క ఉంది, దాన్ని పీకకండి, వేరుతో పాటు గోడ వస్తుంది. మొదలు దగ్గర కోసి వదిలేయండి, మిగతాది పని మొదలయ్యాక.

మూడోది అమ్మగారిని కదిలించడం. మా అమ్మ కూడా ఇలాగే కదలనంది, అన్నయ్య బతిమాలాడు, నేను కసిరాను, రెండూ పనిచేయలేదు. మా వదిన ఏమీ మాట్లాడకుండా దేవుడి పటాలు, దీపపు కుందులు ఒక బుట్టలో సర్ది ఆటోలో పెట్టింది. సాయంత్రం దీపం పెట్టే వేళకు అమ్మ తనే చెప్పులేసుకుంది.